మూడు రోజుల సభ, నెల రోజుల ఓడ

2006 అక్టోబరు 9, సోమవారం

ఈ రోజు కుళాయి వచ్చింది. డ్రమ్ములు నిండాయి, బిందెలు నిండాయి. వంటగది తొట్టి నిండేలోపు ఆగిపోయింది.

సాయంత్రం భాను లైబ్రరీ నుంచి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది. విశాఖపట్నంలో నవంబరు 18 నుంచి మూడు రోజులు పబ్లిక్ లైబ్రరీల వాళ్ళ సభ. అన్ని రాష్ట్రాల నుంచీ వస్తారట. ఉప్పునీటిలో మునిగిన పుస్తకాలను మేము ఎలా బాగుచేశామో వచ్చి చెప్పమని తనను పిలిచారు. అండమాన్ నుంచి తను ఒక్కతే.

"ఇరవై నిమిషాలు మాట్లాడాలత్తా. స్టేజీ మీద."

"మంచిదే" అన్నాను.

మా ఆయన పేపరు దించి, "ఇరవై నిమిషాలకే స్టేజీ ఏస్తారేటి? మీ అత్త ముప్పై ఏళ్ళ బట్టి మాటాడతంది, ఎవుడూ ఓ కుర్చీ కూడా ఎయ్యలేదు" అన్నారు. భాను నవ్వింది. చాలా రోజుల తరువాత పళ్ళు కనిపించేలా నవ్వింది. సుమ కూడా ఎందుకో తెలియకుండానే వాళ్ళమ్మను చూసి నవ్వింది.

నాకు అభ్యంతరం ఏమీ లేదు. చదువుకున్న పిల్ల. వెళ్ళి రావాలి.

అక్టోబరు 10

ఓడల షెడ్యూలు చూశాను. వైజాగ్ ఓడ ఇక్కడి నుంచి నవంబరు 10న బయలుదేరుతుంది. వైజాగ్ నుంచి తిరుగు ఓడ డిసెంబరు 10న. మధ్యలో మరొకటి లేదు. చెన్నై ఓడ మరమ్మతుకు వెళ్ళింది. విమానం ఛార్జీ భాను గ్రేడు వాళ్ళకు ఆఫీసు ఇవ్వదు.

మూడు రోజుల సభ. నెల రోజులు ఇల్లు వదలాలి. మెయిన్‌లాండ్‌లో కూర్చుని పిలిచేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. రాత్రి రైలెక్కి పొద్దున దిగిపోతారనుకుంటారు.

ఆ నెల రోజులూ గాజువాకలో అన్నయ్య ఇంట్లో ఉంటానంది. ఉండక ఎక్కడ ఉంటుంది.

అక్టోబరు 12

భాను రాత్రి అన్నం తిన్నాక తెల్ల కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "అత్తా, మొదట ఏం చేశాం, తరువాత ఏం చేశాం, మీకు వరసగా గుర్తుంటుంది. చెప్పండి, రాసుకుంటాను" అంది.

చెప్పాను. సునామీ వచ్చిన రోజు చౌల్దారీ పొలాల్లోకి సముద్రం వచ్చింది కదా. అక్కడి చిన్న లైబ్రరీలోకీ వచ్చింది. నేల కుంగిపోయింది, ప్రతి పోటుకీ నీళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కింది అరల పుస్తకాలన్నీ తడిసి ఇటుకల్లా అయ్యాయి. పారేయమన్నారు. భాను వాటిని బియ్యం బస్తాల్లో వేయించి జీపులో మన ఇంటికి తెచ్చింది. ఎండలో పెట్టాం. బాగా ఎండాయి, పేజీలు విడిపోయాయి, గెలిచామనుకున్నాం. మే నెలలో మొదటి వాన పడగానే పుస్తకాలు మళ్ళీ తడిశాయి. చుక్క నీరు తగలకుండానే తడిశాయి. బూజు పట్టింది.

"అప్పుడు మీరన్నారు కదా, సముద్రంలో తడిసిన చీర మంచినీళ్ళలో జాడించకపోతే వానాకాలమంతా ఆరదు అని" అంది భాను.

"అందులో ఏముంది. అందరికీ తెలిసిందే."

"నాకు తెలీదు. నేను వైజాగ్‌లో కూడా సముద్రంలోకి దిగలేదు."

అప్పటి నుంచి పుస్తకాన్ని మూసి ఉంచే, మంచినీళ్ళలో ముంచి, తీసి, మరో నీళ్ళలో ముంచి, ఉప్పు పోయాక వరండాలో నీడకు ఆరబెట్టాం. కుళాయి రోజు విడిచి రోజు. వేసవిలో నాలుగు రోజులకొకసారి. అయినా ఒక డ్రమ్ము పుస్తకాలకు వేరే పెట్టాను. ఆ రోజుల్లో మాకు వంటికి నీళ్ళు చాలేవి కావు, అది వేరే సంగతి.

అప్పుడు చేతికి పని ఉంది. అది చాలు అనిపించేది. పుస్తకాలు లేకపోతే నేను ఆ ఏడాది ఏం చేసేదాన్నో.

మా అబ్బాయి కన్న గురించి అడుగుతారేమో అక్కడ. అడిగితే భాను ఏం చెబుతుందో. నికోబార్ చివర క్యాంప్‌బెల్ బేలో జెట్టీ పనికి సూపర్‌వైజరుగా వెళ్ళాడు, ఆ రోజు నుంచి కనిపించలేదు. అంతే కదా మాకు తెలిసింది. ప్రభుత్వం ఏదో కాగితం ఇచ్చింది, ఆయన తెచ్చి ఎక్కడో పెట్టారు. నేను అడగలేదు. దినం చెయ్యాలని కులంలో పెద్దలు వచ్చి చెప్పారు. మనిషి కనిపించకుండా దినం ఏమిటి అన్నాను. భాను బొట్టు, పుస్తెలు అలాగే ఉన్నాయి. నేనే ఉంచమన్నాను. అది ఆ పిల్ల మంచికే.

అక్టోబరు 15, ఆదివారం

కన్న బట్టలు ఎండలో వేశాను. మధ్యాహ్నం మబ్బు పట్టింది, తీసేశాను.

అక్టోబరు 17

భాను అన్నయ్య గోపీచంద్ ఫోన్ చేశాడు. "పంపండి అత్తయ్యా. నెల రోజులూ మా ఇంట్లోనే. సుమని కూడా తెమ్మనండి. మా ఆవిడ గది సర్దేస్తోంది" అన్నాడు.

అప్పుడే గది సర్దడమేమిటి. నవంబరు ఇంకా ఎక్కడో ఉంది.

మంచి కుర్రాడే. కాని గొంతులో అంత హుషారు ఎందుకో. పోయినేడు వాళ్ళావిడ నాతో ఫోనులో అంది, "భానుకి ఇంకా ముప్పై నిండలేదు కదా పిన్నిగారూ, ఎంత జీవితం ఉందో" అని. అప్పుడు నేను "అవునమ్మా" అన్నాను. ఆ మాట ఆమె మరిచిపోయి ఉంటుంది.

రాత్రి భాను తనంతట తానే అంది. "సుమని ఇక్కడే ఉంచుతానత్తా. మీ దగ్గరుంటే నాకు బెంగ ఉండదు." నా మొహం చూస్తూ అంది.

"నీ ఇష్టం" అన్నాను.

సుమ ఓడెక్కితే వాంతులు చేసుకుంటుంది. నర్సరీలో ఇప్పుడిప్పుడే కుదురుకుంది. ఇక్కడ ఉండడమే మంచిది. నేను ఈ విషయం ముందే ఆలోచించాను, కాని పైకి అనలేదు.

అక్టోబరు 21

దీపావళి. సుమకు కాకరపువ్వొత్తులు వెలిగించి ఇచ్చాను. మేము పండగ చేసుకోవడం లేదు. చేసుకోకూడదని ఎవరూ చెప్పలేదు. చేసుకోమనీ ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు 25

భాను టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్ళింది. నేనే మిడిల్ పాయింట్‌లో లైబ్రరీ దాకా నడిచి ఇచ్చి వచ్చాను. కొట్టులో ఆయనకూ ఇవ్వాల్సింది ఉంది కాబట్టి ఎలాగూ అటు వెళ్ళాలి.

భాను లోపల అరల దగ్గర ఉంది. వాళ్ళ సార్ బయట వరండాలో కనిపించి నమస్కారం పెట్టారు. మంచి మనిషి, ఉత్తరాది ఆయన. "మాజీ, బహూ స్టేజీ పర్ బోలేగీ! ఘర్ మే సబ్ ఖుష్?" అన్నారు.

కోడలు స్టేజీ ఎక్కుతోందని అందరం ఖుషే అన్నాను. నెల రోజులు కదా అన్నాను. పాపకు దగ్గు ఎక్కువగా ఉందన్నాను. మా ఆయనకూ ఒంట్లో బాగుండడం లేదన్నాను. భాను నోరు తెరిచి చెప్పదు, లోపల్లోపల నలుగుతోంది అన్నాను. ఉన్న సంగతే చెప్పాను. నేను పంపవద్దని ఎక్కడా అనలేదు. ఆ మాట నా నోట రాలేదు.

సార్ కాసేపు గడ్డం రుద్దుకున్నారు. "ఠీక్ హై మాజీ. మై దేఖ్‌తా హూఁ. ఆప్ చింతా మత్ కీజియే." తాను చూసుకుంటానన్నారు, బెంగ వద్దన్నారు.

డబ్బా లోపల బల్ల మీద పెట్టి వచ్చేశాను. భానుతో మాట్లాడలేదు, పనిలో ఉంది.

సుమకు నిన్న రాత్రి రెండుసార్లు దగ్గు వచ్చింది.

అక్టోబరు 26

తలనొప్పి. పడుకున్నాను.

అక్టోబరు 28, శనివారం

మధ్యాహ్నానికే వచ్చేసింది భాను. చేతులు కాళ్ళు కడుక్కుని, సుమను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిల్ల తల నిమురుతూ అడిగింది.

"అత్తా, సుమకి దగ్గెప్పుడొచ్చింది?"

"మంగళవారం రాత్రి."

"మంగళవారం రాత్రి నేను దాని పక్కనే పడుకున్నాను."

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

సభకు రంగత్ లైబ్రరీలో పనిచేసే రాజ్‌కిరణ్‌ను పంపుతున్నారట. ఇంటి పరిస్థితి బాగాలేదు కాబట్టి భానును ఇబ్బంది పెట్టకూడదని సార్ మంచి మనసుతోనే చేశారు. భాను రాసిన కాగితాలు అతను చదువుతాడు. భాను పేరు కూడా చెబుతాడట.

"మీకు వెళ్ళొద్దని ఉంటే నాతో అనొచ్చు కదత్తా. నాతో అంటే నేను ఆగిపోయేదాన్నే."

"నేను ఏం అన్నానని? ఆయన అడిగితే ఉన్నది చెప్పాను."

"ఔను. ఉన్నదే చెప్పుంటారు." సుమను దింపి లేచింది. "ఇంకొకటి అడుగుతాను. మెడలో ఇది ఉంచమన్నారు, ఉంచాను. ఎవరైనా అడిగితే ఆయన క్యాంప్‌బెల్ బేలో ఉన్నారని చెప్పమన్నారు, చెప్పాను. పిల్లని ఇక్కడ వదిలి వెళ్తానన్నాను. ఇంకేం చేస్తే నేను తిరిగొస్తానని నమ్ముతారు?"

ఎవరు నమ్మనన్నారు. ఆ పిల్లే ఏదేదో ఊహించుకుంటోంది. చదువుకున్నవాళ్ళకు మాటలు తొందరగా వస్తాయి.

వంట చేశాను. ఎవరూ సరిగా తినలేదు.

అక్టోబరు 30

భాను మామూలుగానే ఉంది. లేస్తుంది, పని చేస్తుంది, వెళ్తుంది, వస్తుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది.

కొట్టు మూసి వచ్చాక ఆయన నా పక్కన కూర్చున్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తరువాత అన్నారు.

"తులసీ, నాను సదువుకున్నోణ్ణి కాదు. ఇనప సామాను అమ్ముకుంటాను. నీకున్నంత లెక్క నాకు లేదు. గానీ ఒకటి సెప్పు. మనోణ్ణి ఎవులు తీసికెల్లిపోయారు? సముద్రమే గదా. ఆ పిల్ల కాదు గదా."

"నేను అలా అన్నానా?"

"అన్లేదు. నువ్వేదీ అనవు. అదే నీతో వచ్చిన బాధ."

"వెళ్తే రాదు. మీకు తెలియదు. వాళ్ళన్నయ్య గది సర్దించాడు."

"రాపోతే రాదు. ఆ గొలుసు మెడలో ఏసి, ఈ గుమ్మంలో కట్టి ఉంచితే మాత్రం ఉన్నట్టేటి? కాలాపానీ జైలున్న ఊరిది, ఇప్పుడు నా కొడుకు పెల్లాన్ని కూడా జైల్లో పెట్టామని అనిపించుకోవాలా?"

పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాళ్ళకు జైలు మాట ఊరికే నోట్లో ఉంటుంది. ఆయన అంత ఆలోచించి అని ఉండరు.

అక్టోబరు 31

కుళాయి రాలేదు.

నవంబరు 2, గురువారం

రాజ్‌కిరణ్ రంగత్ నుంచి ఫోన్ చేశాడు. భాను హాల్లో నిలబడి అరగంట మాట్లాడింది. నేను వంటగదిలో ఉన్నాను. వినాలని కాదు, ఇల్లు ఎంత, వినిపిస్తుంది.

కోపం లేదు ఆ గొంతులో. పిల్లవాడికి పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటీ చెప్పింది. "కడిగేటప్పుడు పుస్తకం తెరవకండి భయ్యా, తెరిస్తే పేజీ చిరిగిపోతుంది... రంగు అట్టలు వేరే తొట్టిలో, రంగు దిగుతుంది... ఎండలో కాదు, నీడలో, గాలికి... ఆఁ, ఆఁ, ముందు మేమూ ఎండలోనే పెట్టాం, ఆ తప్పు కూడా చెప్పండి. దాచొద్దు. అందరూ అదే తప్పు చేస్తారు."

అటువైపు నుంచి అతనేదో అడిగినట్టున్నాడు.

"మంచినీళ్ళా? మంచినీళ్ళు మా అత్తగారివి భయ్యా. మాకు కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది. ఇంటిల్లిపాదికీ సరిపోని నీళ్ళలో ఆవిడ ఒక డ్రమ్ము పుస్తకాలకు తీసి పెట్టేవారు. వాళ్ళబ్బాయి ఏమయ్యాడో తెలియని రోజులవి. అది కాగితంలో రాయలేదు, మీరు చెప్పండి. తులసమ్మ అని పేరు చెప్పండి. తు, ల, స, మ్మ. కచ్చితంగా చెప్పాలి, భూల్నా నహీ."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. తుడిచాను.

నవంబరు 3

పొద్దున సార్ దగ్గరకు వెళ్ళాను. పాపకు దగ్గు తగ్గిందని చెప్పాను.

"బహుత్ అచ్ఛా" అన్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. మా ఆయనకూ ఒంట్లో బాగుందన్నాను. ఇంట్లో ఇబ్బంది ఏమీ లేదన్నాను. సార్ నా వైపు చాలాసేపు చూశారు. పేరు పైకి వెళ్ళిపోయిందన్నారు. రాజ్‌కిరణ్ ఒప్పుకుంటే తప్ప మార్చడం కుదరదన్నారు.

అతని నంబరు తీసుకుని బయట బూత్ నుంచి ఫోన్ చేశాను. నేను ఎవరో చెప్పగానే, "దీదీ వాళ్ళ అత్తగారా! నీళ్ళ డ్రమ్ము అత్తగారు!" అన్నాడు ఆ కుర్రాడు.

"బాబూ, అది దాని పని. దాన్నే చెప్పనియ్యి" అన్నాను.

"ఆంటీ, నేను ఆ పుస్తకాలు ఒక్కటైనా ముట్టుకోలేదు. నిన్న రాత్రంతా చదివినా నోటికి రావడం లేదు. పైగా నెల రోజులు వైజాగ్‌లో నేనేం చెయ్యాలి, నాకు అక్కడ ఎవరూ లేరు. సార్‌కి ఇప్పుడే చెప్పేస్తాను. భగవాన్ కే లియే దీదీనే పంపండి."

నవంబరు 6

పేరు మారింది. భాను నమ్మనట్టు రెండుసార్లు చెప్పింది. నేను సార్ దగ్గరకు వెళ్ళినట్టు ఆమెకు తెలిసిందో లేదో. నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

కాని ఆఫీసు ద్వారా ఇచ్చే టికెట్ల గడువు అయిపోయింది. ఇప్పుడు అందరిలాగా క్యూలో నిలబడి తెచ్చుకోవాలి. ఓడలో పడుకునే బంకులు నిండిపోయాయంటున్నారు.

నవంబరు 7

తెల్లవారకముందే ఫీనిక్స్ బే టికెట్ కౌంటరుకు వెళ్ళాను. ఆడవాళ్ళ క్యూ వేరే. అప్పటికే పాతికమంది దాకా ఉన్నారు. నా ముందు బుర్ఖా వేసుకున్న ఆవిడ, వెనక బెంగాలీ ముసలామె. వాన పడింది, ఎవరూ కదలలేదు. ముసలామె తన గొడుగు సగం నా మీదికి పట్టింది. నా గొడుగు ఇంట్లో మరిచిపోయాను. నేను మరిచిపోను సాధారణంగా.

కౌంటరు తెరిచాక లోపలి మనిషి చూడకుండానే, "కిత్నా?" అన్నాడు.

ఇంటి నుంచి ఒకటి అనుకునే బయలుదేరాను. నాకు స్పష్టంగా గుర్తుంది. "ఒక పెద్దది, ఒక చిన్నది" అన్నాను. "తల్లీ కూతుళ్ళు. ఒకే చోట ఇవ్వు భయ్యా."

"ఉప్పర్ బంక్ హై, చలేగా?"

"చలేగా."

ఇంటికి వచ్చి టికెట్లు బల్ల మీద పెట్టాను. భాను రెండోది చూసి నా వైపు చూసింది.

"పిల్ల తల్లి దగ్గర ఉండాలి" అన్నాను. "వాంతులకు నిమ్మకాయలు కడతాను."

భాను వచ్చి నా భుజం మీద తల పెట్టింది. తడిసిన చీరలో ఉన్నాను, జ్వరం వస్తుంది తప్పుకోమన్నాను. తప్పుకోలేదు.

నవంబరు 10, శుక్రవారం

హ్యాడో రేవు. పెద్ద ఓడ. ఆయన సుమను మెడ మీద ఎక్కించుకుని గేటు దాకా తీసుకువెళ్ళారు. సుమ దిగనని ఏడవలేదు. ఓడ చూసి మమ్మల్ని మరిచిపోయింది. పిల్లలకు అదే మంచిది.

భాను కాగితాల సంచి ఒకటి, బూజు మచ్చలున్న పుస్తకం ఒకటి, కడిగి ఆరబెట్టిన పుస్తకం ఒకటి పట్టుకుంది. రెండూ స్టేజీ మీద చూపిస్తుందట.

"డిసెంబరు ఓడకి వచ్చేస్తానత్తా."

"సరే."

ఇంటికి వచ్చాక అన్నం నలుగురికి వండి ఉంది.

నవంబరు 11

ఓడ నడిసముద్రంలో ఉంటుంది.

నవంబరు 12

రేడియోలో తుఫాను మాట ఏమీ లేదు. మూడుసార్లు విన్నాను.

నవంబరు 13

చేరారు. సుమ ఒక్కసారే వాంతి చేసుకుంది.

నవంబరు 15

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు. ఇల్లు శుభ్రంగా ఉంది. పాడు చేసేవాళ్ళు లేరు.

నవంబరు 19

ఆదివారం. కన్న బట్టలు బయట వేశాను. ఎండ బాగా కాసింది.

భాను ఫోన్ చేసింది. మాట్లాడేసిందట. ఇరవై నిమిషాలన్నారు కాని నలభై నిమిషాలు అడుగుతూనే ఉన్నారట. ఒరిస్సా నుంచి, నాగపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు రాసుకున్నారట. వాళ్ళ దగ్గరా ఇలాగే ఎండలో పెట్టి పాడు చేసుకున్నారు. ఒక పెద్దాయన లేచి, "ఆ నీళ్ళు ఇచ్చినావిడకు మా నమస్కారం చెప్పమ్మా" అన్నాడట. మా ఆయనతో చెబితే, "సూడు, నీకు కుర్చీ దొరికింది" అన్నారు. తరువాత ఇటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు, చెమట అన్నారు.

నవంబరు 24

భాను ఫోన్. మాట మొదలుపెట్టిన తీరులోనే నాకు అర్థమయింది, ఏదో ఉంది.

హైదరాబాదులో పాడైన కాగితాలను, పుస్తకాలను బాగుచేసే పని రెండు నెలలు నేర్పుతారట. సభకు వచ్చినవాళ్ళలో ఒకావిడ అక్కడ పెద్ద. భానును పంపమని స్వయంగా సార్‌కు ఉత్తరం రాసింది. సార్ ఒప్పుకున్నారు. డిసెంబరు 11 నుంచి మొదలు. అంటే డిసెంబరు ఓడ పోయినట్టే. సుమ గాజువాకలోనే గోపీచంద్ పిల్లలతో ఉంటుంది.

"ఫిబ్రవరి ఓడకు వచ్చేస్తామత్తా. మీరు వద్దంటే వద్దు. డిసెంబరు ఓడెక్కేస్తాను. నిజంగానే అంటున్నాను."

నిజంగానే అంది. అది నాకు తెలుసు. వద్దు అని ఒక్క మాట అంటే చాలు. పాపకు దగ్గు అని కూడా చెప్పనక్కర్లేదు.

"నేర్చుకుని రా" అన్నాను.

తరువాత గోపీచంద్ ఫోన్ తీసుకున్నాడు. చుట్టూ తిరిగి తిరిగి అసలు మాటకు వచ్చాడు. "అత్తయ్యా, మీరు తప్పుగా అనుకోకండి. ఇక్కడ ఎక్కడికి తీసుకెళ్ళినా బావ గురించి అడుగుతున్నారు. చెల్లి ప్రతిచోటా ఒకే మాట చెబుతోంది, క్యాంప్‌బెల్ బేలో పని అని. రాత్రి ఏడుస్తోంది. నన్ను ఏం చెప్పమంటారు?"

లైన్ సరిగా లేదని పెట్టేశాను.

నవంబరు 25

లైన్ బాగానే ఉంది.

నవంబరు 28

నిన్న రాత్రి ఆయనతో అన్నాను, పంతులు గారిని అడగండి అని. ఎందుకని ఆయన అడగలేదు. పొద్దున్నే స్నానం చేసి వెళ్ళారు. మనిషి దొరకకపోతే దర్భలతో మనిషిని చేసి, ఆ మనిషికే అన్నీ చేస్తారట. ఇక్కడ సునామీ తరువాత చాలామంది అలాగే చేశారట. మేమే చేయలేదు.

సాయంత్రం భానుకు నేనే ఫోన్ చేశాను. "మీ ఆయనకు దినం చేద్దామనుకుంటున్నాం" అన్నాను. ఈ మాట ఎలా అనాలో పగలంతా అనుకున్నాను. తీరా మామూలుగా, పప్పు నానబోశాను అన్నట్టు వచ్చింది.

నేనే మాట్లాడుతూ పోయాను.

"నువ్వు ఇక్కడ ఉంటే బాగుండేది. ఓడ లేదు. అక్కడే సముద్రం ఉంది కదా. అన్నయ్యతో వెళ్ళి స్నానం చెయ్యి. పిల్లను కూడా తీసుకువెళ్ళు, ఒడ్డునే ఉంచు. మెడలోది ఉంచుకుంటావో తీస్తావో నేను చెప్పను. ఇకమీదట చెప్పను."

"ఎప్పుడత్తా? ఇరవై ఆరునా?"

"తారీకు కాదమ్మా, తిథి చూడాలి. మార్గశిర పౌర్ణమి. ఈ ఏడు డిసెంబరు నాలుగో తేదీన వచ్చింది."

"మీకు తిథి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు రాత్రే పంచాంగం తీసి చూశాను."



డిసెంబరు 4, సోమవారం

జంగ్లీఘాట్ ఒడ్డున చేశాం. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో అన్నారు. ఆయన వాళ్ళ వైపు ఒక్క చూపు చూశారు, మళ్ళీ ఎవరూ అనలేదు.

దర్భలతో మనిషిని చేశారు. చిన్నగా ఉన్నాడు. పంతులు గారు పేరు అడిగితే ఆయన నా వైపు చూశారు. కన్నారావు అని నేను చెప్పాను. నిప్పు పెట్టాక దర్భ తొందరగా కాలిపోయింది. పొద్దున పోటు మీద ఉంది సముద్రం, మేము వచ్చేసరికి తీసింది. అంతటి సముద్రం అదేనా అన్నంత మామూలుగా ఉంది.

భోజనాలకు వచ్చినవాళ్ళు తిని వెళ్ళారు. గిన్నెలు కడిగి బోర్లించాను.

సాయంత్రం భాను ఫోన్ చేసింది. తెల్లవారుజామునే వెళ్ళారట. సుమ ఇసుకలో ఆడుకుందట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ, మీ ఆయన ఏం చేస్తారమ్మా అని అడిగింది.

"సునామీలో చనిపోయారని చెప్పానత్తా. మొదటిసారి చెప్పాను."

"ఏమందావిడ?"

"సుమను తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మా స్టాపు వచ్చేదాకా."

మంచి మనిషి అన్నాను. గాజువాకలో చలి ఉందా అన్నాను. హైదరాబాదులో ఇంకా ఎక్కువ ఉంటుంది, సుమ స్వెట్టర్ కాదు, నీ స్వెట్టర్ ఉందా అన్నాను. ఉందంది.

"మీరు తిన్నారా అత్తా?"

"తిన్నాను."

ఇంకా తినలేదు. ఆయన కూడా నా కోసం కూర్చుని ఉన్నారు. ఇప్పుడు లేచి ఇద్దరికీ వడ్డిస్తాను.